మూసిన గోదాంలో యాకన్న ఫోన్

తరతరాలు కూర్చుని చెప్పుకోవాల్సిన మహాగాథ ఒకటి చెప్పబోతున్నాను. అలా మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇది జనగామ దగ్గర ఒక రైస్ మిల్లులో గోడకు బిగించిన నెట్‌వర్క్ స్విచ్, అంటే నెట్ లైన్లను కలిపే డబ్బా, దాని కథ. అంతకు మించి లేదు.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నెట్ లైన్లు వేసి బాగుచేసే నా పని అలాంటిది. "నెట్ దానంతటదే పోయింది" అని ఫోన్ వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఫ్యాన్ కోసం ప్లగ్గు పీకి ఉంటారు.

ఆ మిల్లులో యాకయ్య అనే హమాలీ ఉండేవాడు. అందరికీ యాకన్న. ఒక శనివారం మధ్యాహ్నం నుంచి కనిపించలేదు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. మంగళవారం నేను వెళ్లేసరికి తీర్పు కూడా అయిపోయింది: ఎవరితోనో లేచిపోయాడు. ఆయన భార్య సరోజనక్క ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమెకు వినబడేలాగే హమాలీల మేస్త్రీ, "మోజు తీరితే ఆయనే వస్తడు తీయ్" అన్నాడు.

"బస్సెక్కితెనే కక్కుకుంటడు తమ్మీ మా ఆయన. గాయన ఎవలెంబడి పోతడు?" అంది అక్క నాతో. "సచ్చిండన్నా ఏడుస్త గని, గీ మాట పడలేను."

నేను వెళ్లింది తెగిన కేబుల్ కోసం. ఆ మిల్లులో పందికొక్కులు వైర్లు కొరుకుతాయని గోదాంకు రెండు దారుల్లో లైను వేశాను. రెండు చివర్లా ఉన్న స్విచ్‌లు ఒక దారిని మూసి ఉంచి, మొదటిది తెగినప్పుడు దాన్ని తెరుస్తాయి.

ఏ పరికరం ఏ వైపు ఉందో స్విచ్ దాని అడ్రస్, అంటే ప్రతి పరికరానికీ ఉండే సొంత నంబరు, చూసి గుర్తుపెట్టుకుంటుంది. ఆ పరికరం ఐదు నిమిషాలు నోరు విప్పకపోతే మర్చిపోతుంది. దారి మారినప్పుడు అంత ఓపిక కూడా పట్టదు. పాత గుర్తులు పదిహేను సెకన్లలో పోతాయి. ఆ తర్వాత మాట్లాడినవాళ్లనే మళ్లీ రాసుకుంటుంది. పోయినవాళ్లను తలుచుకునే అలవాటు దానికి లేదు.

కేబుల్ మార్చి స్విచ్ రాసుకున్న పట్టిక చూశాను. గోదాం వైపు రెండే ఉండాలి: వైఫై డబ్బా, తేమ చూసే మీటరు. మూడు ఉన్నాయి. మూడోది వైఫై మీదుగా వచ్చిన యాకన్న ఫోన్. మిల్లు వైఫై వాడుకోనివ్వడానికి హమాలీల ఫోన్ల అడ్రస్‌లన్నీ నేనే చేత్తో ఒక్కొక్కటి ఎక్కించాను, పక్కన పేర్లతో సహా.

పాత గుర్తేమోనని కేబుల్ పీకాను. పదిహేను సెకన్లలో పోయింది. రెండో దారి తెరుచుకోగానే మళ్లీ వచ్చింది. ఇంకోసారి చేశాను. వచ్చింది. మూడోసారీ వచ్చింది. పొద్దున టీ తాగలేదు కదా, తప్పు చదువుతున్నానేమో అని సర్దిచెప్పుకున్నాను.

గోదాంకు తాళం ఉంది. శనివారం మధ్యాహ్నమే బస్తాలకు పురుగుల మందు పెట్టి మూసేశారు. లోపలంతా విషగాలి. వారం దాకా ఎవరూ తలుపు ముట్టుకోరు. అన్నం తిన్నాక బస్తాల వెనక కాసేపు ఒరగడం ఆ హమాలీలందరి అలవాటు. తాళం వేసేముందు లోపల ఎవరైనా ఉన్నారా అని ఒక్కరూ కేకెయ్యలేదు.

విషయం చెప్తే మిల్లు యజమాని సేటు నన్ను ఎగాదిగా చూశాడు. "ఫోన్ కోసం మందంతా ఖరాబు చేస్తవా?"

సరోజనక్క లేచింది. "తియ్యి సేటూ. ఫోనొక్కటే ఉంటే మల్ల తాళం నేనే ఏస్త."

తలుపులన్నీ తెరిచి, గాలి ఆడేదాకా ఆగి వెళ్లారు. యాకన్న చివరి వరుస వెనక గోనెసంచి మీద, తల కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. మూడు రోజుల వాసన. అక్క ఏడుస్తూనే మేస్త్రీ వైపు తిరిగింది.

"సూసినవా? గీడనే ఉన్నడు."

మేస్త్రీ భుజం మీది తువ్వాల తీసి యాకన్న మీద కప్పాడు.

యాకన్న జేబులో ఫోన్ లేదు. గోదాం అంతా వెతికాం, లేదు.

యాకన్న దొరికిన ఐదో రోజున నర్మెట్ట నుంచి ఫోన్లు బాగుచేసే అతను వాళ్లింటికి వచ్చాడు. యాకన్న శుక్రవారం సాయంత్రమే తన ఫోన్ అతనికి ఇచ్చాడట. ఇంట్లో చెప్పలేదు. అప్పటి నుంచి బ్యాటరీ ఊడదీసి డబ్బాలో పెట్టాడట. మంగళవారం కూడా అది డబ్బాలోనే ఉంది.

దాని అడ్రస్‌ను నా పట్టికతో సరిచూశాను. అదే. నేను పట్టిక చదవడంలో తప్పు చేశానంటారు మా సీనియర్లు. అయి ఉండొచ్చు. తప్పు అయితే అది మూడుసార్లు గోదాం వైపే ఎందుకు చూపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఫోన్ ఇప్పుడు సరోజనక్క వాడుతోంది. చార్జింగ్ పిన్ లూజు. వైరు కొంచెం ఎడమకు వంచి పెట్టాలి.