సావిత్రమ్మ తెల్ల పంచె

పటాన్‌చెరు బజారులో సావిత్రమ్మ మాటంటే మాటే. భర్త పోయాక కిరాణా కొట్టునూ, డీజిల్ ఇంజనుతో నడిచే పిండి గిర్నినీ ఒంటిచేత్తో నడిపిన మనిషి. అయినా ఆవిడకు పేరు తెచ్చినవి బియ్యప్పిండి వడియాలు. ఎండాకాలం రాగానే భర్త పాత తెల్ల పంచెను మిద్దె మీద పరిచి వడియాలు పెట్టేది. సంగారెడ్డి షావుకార్ల ఇళ్లలో పెళ్లి కుదిరితే ముందు ఆవిడకే కబురు వెళ్లేది. వడియం మల్లెపువ్వులా లేకపోతే ఆవిడకు అన్నం సహించేది కాదు.

డెబ్భైలలో ఊరి చుట్టూ పొగగొట్టాలు లేచాక ఆ తెలుపుకు గ్రహణం పట్టింది. పంచె మీద మసి, వడియాల మీద మసి. ఎండ కూడా మసకబారి, ఆరాల్సినవి ఆరక బూజు పట్టేవి. ఒక పెళ్లివారైతే వడియాలు తిప్పి పంపేశారు. సావిత్రమ్మకు తల కొట్టేసినట్టయింది. కోపం వస్తే ఎదురుగా దొరికినవాడి మీదే కదా పడతాం! దొరికినవాడు కామేశ్వరరావు. కాకినాడ వైపు నుంచి వచ్చి, ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేస్తూ, ఆవిడ ఇంట్లోనే వెనక గదుల్లో కిరాయికి ఉండేవాడు.

"నా ఇంట్ల ఉండుకుంట నా వడియాల మీదనే మసి పోస్తున్నవ్. ఇల్లు ఖాళీ చెయ్యి," అనేసింది.

అతని భార్య పద్మావతికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆ స్థితిలో కొత్త ఇల్లు వెతుక్కోవడమంటే మాటలా? అతను బతిమాలితే, పురుడయ్యేదాకా ఆగుతాను, ఆ తర్వాత ఆగనని తేల్చి చెప్పింది. కామేశ్వరరావు రోజూ ఆఫీసర్ల చెవిన ఇల్లు కట్టుకుని పోరాడు. ఊరివాళ్లూ గొడవ చేస్తూనే ఉన్నారు. చివరికి పొగగొట్టాలకు మసిని పట్టేసే యంత్రాలు బిగించారు. పురుడైనా, వచ్చే ఎండాకాలం పంచె పరిచి చూసేదాకా ఆగుతానంది సావిత్రమ్మ.

మరుసటి ఎండాకాలం సావిత్రమ్మ పంచె పరిచింది. ఆవిడ లెక్కలో గాలికి పరీక్ష ఆ పంచే. సాయంత్రం చూస్తే ఒక్క మసి నలుసు లేదు. ఎండ ఫెళఫెళలాడుతోంది, వడియాలు గలగలమంటున్నాయి. ఆవిడ ఆనందం ఇంతా అంతా కాదు. వేయించిన వడియాలు పళ్లెం నిండా పట్టుకెళ్లి, పద్మావతి కూతుర్ని ఒళ్లోకి తీసుకుంది.

"ఇగ మీరు యాడికీ పోవద్దు. పొగ మొత్తం పోయింది," అంది.

అక్కడితో ఊరుకోవచ్చు కదా కామేశ్వరరావు! ఊరుకోలేదు. ఫ్యాక్టరీ లైబ్రరీలో ఏదో పత్రిక చదివి, కొన్నాళ్లుగా అదే మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"పోయింది మసేనండి. బొగ్గు కాలినప్పుడు పుట్టే, కంటికి కనబడని గాలి ఒకటుంది, అది పొగగొట్టంలోంచి వెళ్తూనే ఉంది. మసి ఎండకు అడ్డంగా గొడుగు పట్టింది. ఈ గాలి భూమికి గొంగడి కప్పి వేడిని పోనివ్వదు. గొడుగు తీసేశాం, గొంగడి అలాగే ఉంది."

మసి నాలుగు వానలకు కడుక్కుపోతుందనీ, ఆ గాలి మాత్రం తరాల తరబడి పేరుకుంటుందనీ చెప్పాడు. ఇది ఒక్క ఊరి సంగతి కాదట, లోకంలో బొగ్గూ డీజిలూ కాలే ప్రతిచోటి నుంచీ పోయి ఒక్కటవుతుందట.

"డీజిలా? అంటే నా గిర్ని గూడనా?" అంది సావిత్రమ్మ.

కాదని చెప్పమని పద్మావతి కళ్లతోనే వేడుకుంది. ఇల్లు నిలబడ్డ పూటే మళ్లీ పోయేట్టుందని ఆమె భయం. అయినా కామేశ్వరరావు ఉన్నమాట చెప్పేశాడు.

"మీ గిర్ని కూడానండి."

సావిత్రమ్మ పాప వైపు చూసింది. ఒళ్లో పాప ఆవిడ కొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"మసి జూసి నిన్ను ఖాళీ చెయ్యమన్న. రేపు గీ పిల్ల పెద్దగై, గిదంతా ఎవరు జేసిన్రని నన్నడిగితె ఏం జెప్పాలె?"

ఇల్లు ఖాళీ చేయమన్న మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున గిర్ని ఎప్పటిలాగే నడిచింది. జొన్నలు పట్టించుకోవడానికి జనం వరుస కట్టి నిలబడ్డారు మరి, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది!