డబుల్‌రొట్టె పథ్యం

మా మనుమరాలి మోచేతుల మీద, మోకాళ్ల మీద నీటి పొక్కులు గుత్తులుగా లేచి, అది గోకి గోకి రక్తం కారేదాకా తెచ్చుకుంటుంటే, జగిత్యాలలో చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆమె పొక్కు పక్కన చిన్న తోలు ముక్క తీసి, రక్తంతో పాటు పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక, దీని మూలం తోలులో లేదు, పేగుల్లో ఉంది, ఈ పిల్లకు గోధుమ పడదు అని చెప్పింది. ఆ జబ్బును సీలియాక్ అంటారట, కొందరు పిల్లల్లో ఇట్లా చర్మం మీద బయటపడుతుందట. రొట్టె, బిస్కెట్టు, సేమ్యా అన్నీ మానాలి, మాత్రలు కొన్నాళ్లు వాడాలి, పుండ్లు పూర్తిగా మానడానికి నెలలు పడుతుంది. చివరికి, ఇది వంశంలో నడుస్తుంది, మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉండెనా అని అడిగింది. నా చెల్లెకు ఉండెనని చెప్పాను. ఇప్పుడెట్లా ఉన్నారంటే, లేదని చెప్పాను. మా మేనత్త సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మా బాపుది రుద్రంగి దగ్గర పల్లె, కల్లు గీసే ఇల్లు. చెట్లెక్కడం తనవల్ల కాక సిరిసిల్లకు వచ్చి సాంచెల మీద పనికి కుదిరాడు. మరమగ్గాలను మా దిక్కు సాంచెలంటాం. అమ్మ బీడీలు చేసేది. పొద్దున పొయ్యి ముట్టించే తీరిక ఇంట్లో ఎవరికీ లేదు కనుక హోటలు నుంచి చాయ, బన్ను వచ్చేవి, మాకు పొద్దటి తిండి అదే. చాయలో ముంచిన బన్ను కొస తెగిపడకముందే నోట్లో వేసుకోవాలని చెల్లె నాతో పందెం పెట్టేది, ఎప్పుడూ తనే గెలిచేది. అట్లాంటి పిల్లకు ఒంటి మీద పొక్కులు లేచాయి. గజ్జి అని వేపాకు నూరి రాశారు. సర్పి అని ఎర్రజాజు మట్టి పూశారు. గోకకుండా నులకతాడుతో చేతులు మంచం కోడుకు కడితే, మణికట్టు తోలు ఊడేదాకా గుంజుకునేది. ఎవరో చెప్పారని సలాక కాల్చి వీపు మీద చురకలు పెట్టారు. ఆ వాసన ఇంట్లో కొన్ని రోజులు ఉన్నట్టే అనిపించింది. సాంచెలు బందయి పని లేని రోజుల్లో బాపు తాగి వచ్చి, దాని ఏడుపు వినలేక దాన్ని, అడ్డం వచ్చిన అమ్మను నడుం బెల్టు తీసి కొట్టేవాడు, తెల్లారి ఆ బెల్టే పెట్టుకొని పని అడగడానికి పోయేవాడు.

అన్నం తింటే పుండ్లు చీము పడతాయని చుట్టుపక్కల ఆడవాళ్లంతా అన్నారు. అందుకని అన్నం మాన్పించి, బేకరీ నుంచి డబుల్‌రొట్టె తెచ్చి పాలలో నానబెట్టి పెట్టారు. రోగం వచ్చిన పిల్లకు మా వాళ్లు చేసే గారాబం అదే. ఇంట్లో మిగతావాళ్లు పచ్చడి మెతుకులు తిన్న రోజున కూడా దానికి డబుల్‌రొట్టె తప్పలేదు.

సిరిసిల్లలో ఇక బతకలేమని బాపు, అమ్మ బొంబాయి దిక్కు భీవండి మిల్లులకు పోయినప్పుడు మమ్మల్నిద్దరినీ పల్లెలో మేనత్త దగ్గర విడిచిపోయారు. ఆమె బాపుకు అక్క. మొగుడు తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయాడు, పిల్లలు లేరు, నోరు మాత్రం ఊరికి సరిపోయేంత ఉంది. చెల్లె పొద్దున్నే బన్ను కావాలని ఏడిస్తే, "బన్నులు గీడ చెట్లకు కాస్తయా బిడ్డా? గట్క దిను, గట్టిగైతవు" అనేది. మొక్కజొన్నను మేం మక్కలంటాం; తిరగలిలో విసిరిన మక్కలు ఉడికించి, ఆ గట్కలో మజ్జిగ పోసి మూడు పూటలా అదే పెట్టేది. నెలలు గడిచేకొద్దీ చెల్లె పుండ్లు ఎండాయి, తరువాత మచ్చలుగా మిగిలాయి. ఎందుకు మానాయో మేనత్తకూ తెలియదు. బావి దగ్గర చెల్లె చేతులు పైకెత్తి చూపిస్తూ, "నా చెయ్యి వడితె సాలు, గసుంటి రోగమైన పారిపోతది" అని గొప్పలు చెప్పుకునేది. ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

అమ్మావాళ్లు తిరిగివచ్చి మమ్మల్ని సిరిసిల్లకు తీసుకుపోయారు. బన్ను మొదలైంది, పొక్కులు మొదలయ్యాయి, పొక్కులతో పాటు డబుల్‌రొట్టె పథ్యం మొదలైంది. మరుసటి ఏడు వాళ్లు మళ్లీ భీవండి పోతే మేం మళ్లీ మేనత్త దగ్గర ఉన్నాం, పుండ్లు మళ్లీ మానాయి, ఇంటికి రాగానే మళ్లీ లేచాయి. అప్పుడు బాపు కోరుట్ల దిక్కున ఉన్న ఒక మంత్రగాడి దగ్గరికి పోయాడు. అతను అంతా విని ఒక్క మాట అన్నాడట: "పెట్టినోళ్లే తీస్తరు." ఎవరి ఇంట్లో ఉంటే రోగం తగ్గుతున్నదో, ఎవరి ఇల్లు దాటగానే లేస్తున్నదో చూసుకొమ్మన్నాడట. మేనత్త బాణామతి చేసిందని అట్లా తేలిపోయింది. మొగుడు లేడు, పిల్లలు లేరు, కనుక ఎవరూ రెండోసారి ఆలోచించలేదు.

వానాకాలం, మిట్టమధ్యాహ్నం. బాపు మమ్మల్ని వెంటబెట్టుకొని పల్లెకు పోయాడు, ఊళ్లో మగవాళ్లు నలుగురైదుగురు వెనక వచ్చారు. మేం ఉండడానికి వచ్చామనుకుంది మేనత్త. "కాళ్లు గడుక్కోర్రి బిడ్డా, గట్క పొయ్యి మీదనే ఉన్నది" అంటూ చెల్లెను ఎత్తుకోబోతే బాపు ఆమె చెయ్యి విదిలించి కొట్టాడు.

"పెట్టింది తియ్యి అక్కా."

"ఏం దియ్యాల్నురా?"

"నీ చెయ్యి వడితె తగ్గుతదని ఊరంత జెప్పుకోలే? తియ్యి."

ఆమె ముందు నవ్వింది. "నా చెయ్యి గంత గొప్పదైతె నా మొగడు చెట్టు మీదికెల్లి పడుతుండెనా తమ్మీ?" అంది. ఎవరో వెనక నుంచి కట్టెతో నడుం మీద కొట్టారు. బురదలో పడ్డ ఆమెను గడపకు ఆనించి కూర్చోబెట్టారు. నోట్లో పండ్లు లేకపోతే మంత్రం పలకదని మా దిక్కు నమ్మకం. సాంచెల బోల్టులు బిగించే పటకారు బాపు సంచిలోంచి తీసి ఒకతనికి ఇచ్చాడు. అక్క తలను తన రెండు మోకాళ్ల మధ్య తానే పట్టుకున్నాడు. చెల్లె అత్తా అత్తా అని అరుస్తూ ఆమె చీర పట్టుకుంటే, నేను దాని వేళ్లు విడిపించలేకపోయాను. గట్క మాడుతున్న వాసన వచ్చింది.

అంతా అయ్యాక మేనత్త కొంగు నోట్లో కుక్కుకొని, తీసి, రక్తం ఉమ్మి, మాట సరిగా పలకకపోయినా చెప్పింది. "పండ్లు పోతె పోనీ తమ్మీ. పిల్లను ఈడ ఇడిచిపెట్టి పో."

విడిచిపెట్టలేదు. పోలీసులు వస్తే ఊళ్లో ఎవరూ ఏమీ చూడలేదన్నారు. సిరిసిల్లలో పథ్యం ఇంకా కఠినం చేశారు, పాలు, డబుల్‌రొట్టె తప్ప మరేదీ ముట్టనివ్వలేదు. చెల్లె కడుపు ఉబ్బింది, కాళ్లు సన్నబడ్డాయి, విరేచనాలు ఆగలేదు. మణికట్టుకు తాడు ఉండగానే పోయింది. తాను చచ్చేముందు కూడా మేనత్తే చేసిందని బాపు అన్నాడు, ఆ మాట మీదే బతికి, ఆ మాట మీదే తాగి పోయాడు.

మేనత్త మాత్రం చాలా ఏళ్లు బతికింది. నా పెళ్లయ్యాక ఏటా చూడటానికి పోయేదాన్ని. నమలలేదు కనుక గట్కను పలుచగా చేసుకొని తాగేది. పోయిన ప్రతిసారీ ఒకే సంగతి అడిగేది. "ఆఖరికి ఏం దిన్నది బిడ్డా అది?" డబుల్‌రొట్టె తిన్నది అత్తా అని చెప్పేదాన్ని. తల ఊపి, "మంచిగైంది తియ్, మెత్తగుంటది" అనేది. అట్లా ప్రతిసారీ తృప్తి పడి, ఆ తృప్తితోనే పోయింది. ఆ రొట్టే దాని రోగమని చెప్పడానికి అప్పుడు నాకూ తెలియదు. ఇప్పుడు తెలిసింది, చెప్పడానికి ఆమె లేదు.

ఇప్పుడు సిరిసిల్లలో వీధికొక బేకరీ ఉంది, పిల్లకు పొక్కులు లేస్తే పేరు పెట్టి చెప్పే డాక్టరు జగిత్యాలలోనే ఉంది, బాణామతి అనే మాట పెద్దవాళ్లు కూడా గొంతు తగ్గించి అంటున్నారు. మా మనుమరాలికి నేను రోజూ మక్క గట్క వండుతున్నాను, దాని మోచేతులు నునుపు తేలుతున్నాయి. మక్క రవ్వ పెద్ద దుకాణంలో ప్యాకెట్లో దొరుకుతుంది, గోధుమ కలవలేదని దాని మీద అచ్చు వేసి ఉంటుంది. వండే ముందు కళ్లద్దాలు పెట్టుకొని ఆ మాట ప్రతిసారీ చదువుతాను. మేనత్త కుండ మీద ఏమీ రాసి ఉండేది కాదు.