చంద్రి కొంగుముడి
గాంధారి ఊరి పక్క తండాలో చంద్రికి నోటికన్నా ముందు చెయ్యి లేస్తుంది. ఏటా చెరుకు కొట్టడానికి వలసపోయే మనిషి. అక్కడ ఒళ్లునొప్పులకు మింగే గోలీలు కొంగున ముడేసుకుని, ఎవరు మూలిగినా విప్పి ఇస్తుంది. బాలింత కోడలు జమునకు రొమ్ము గడ్డకట్టి జ్వరమొచ్చింది. "పాలిచ్చేదాన్ని, డాక్టర్ను అడుగుదమత్తా" అన్నందుకు చెంప పగలగొట్టి, దవడలు నొక్కిపట్టి గోలీలు గొంతులోకి తోసింది. మూడు రోజులు అదే వైద్యం. నాలుగోనాడు పసిపిల్ల కళ్లు తెరవలేదు, రొమ్ము పట్టలేదు.

ఎల్లారెడ్డి సర్కారు దవాఖానలో నర్సు కొంగుముడి విప్పించి చూసింది. "ఈ గోలీల మత్తు పాలల్ల దిగింది. పాలిచ్చెటోళ్లకు వేరే మందులున్నయి, ఒక్కమాట అడగొద్దా?" అంటూ పిల్లను లోపలికి ఎత్తుకుపోయింది. జమున అత్త జుట్టు పట్టి గోడకేసి బాదింది. చంద్రి చెయ్యి లేవలేదు. నుదుటి నెత్తురు తుడుచుకోకుండా లోపలి గదివైపే చెవి ఒగ్గింది.

"కొట్టు బిడ్డా, పోరి ఏడ్సేదాంక కొట్టు."