మేడారం క్యాలెండర్‌కు ముఖం వెతుక్కుంటూ

మేడారం వెళ్లాలనుకునేవాళ్లు ఈమధ్య నన్ను దారి అడుగుతున్నారు. దారి చెప్పడం ఎంతసేపు! కానీ మొదటిసారి నేనెందుకు వెళ్లానో చెప్పకుండా ఆ దారి చెప్పబుద్ధి కాదు. ఎనభైల మొదట్లో నేను హైదరాబాదులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో క్యాలెండర్లకు బొమ్మలు వేసేదాన్ని. లక్ష్మి, సరస్వతి, వెన్నముద్ద కృష్ణుడు. నా చేతిలో అమ్మవార్లందరికీ ఒకటే ముఖం పడేది: కోలగా, పెద్ద కళ్లతో, ఎదురుగా ఎవరో ఫొటో తీస్తున్నట్టు నవ్వుతూ. ఎంత మార్చబోయినా కుంచె పోయి పోయి ఆ ముఖం దగ్గరే ఆగేది. వరంగల్ బీట్‌బజార్‌లో బెల్లం వ్యాపారం చేసే రాజయ్య సేటు తన దుకాణం క్యాలెండర్ మీద సమ్మక్క తల్లి బొమ్మ కావాలన్నాడు. స్కెచ్ నన్నే పట్టుకెళ్లి ఒప్పించుకు రమ్మన్నాడు మా ఓనర్. ఈసారి కూడా బొమ్మ నచ్చక తిరిగొస్తే ఇకమీదట బొమ్మలు ఇంకొకరు వేస్తారని, నేను తేదీల గళ్లు గీసుకోవచ్చని మెత్తగానే చెప్పాడు. తేదీలు, రాహుకాలాలు రాసే బల్ల కిటికీ లేని గదిలో ఉండేది. ఆ గదిలోకి వెళ్లినవాళ్లు మళ్లీ రంగులు ముట్టుకోవడం నేను చూడలేదు. నాకు చాలా భయమేసింది.

తెల్లవారకముందే సికింద్రాబాదులో రైలెక్కి కాజీపేటలో దిగాను. ఆ బండి అక్కణ్ణించి ఉత్తరానికి మళ్లేది కాబట్టి వరంగల్‌కు సిటీ బస్సు పట్టుకోవాల్సి వచ్చింది. బీట్‌బజార్ చేరేసరికి దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. వీధంతా బెల్లం వాసన, మిరపకాయల ఘాటు. సేటు చాయ్ తెప్పించి స్కెచ్ విప్పాడు. కిరీటం, నాలుగు చేతులు, పక్కన పులి. అన్నీ పెట్టాను, ఏమీ తక్కువ చేయలేదు.

"ఏందమ్మా, పోయినేడు లచ్చుమమ్మకు పెట్టిన ముఖమే గదా ఇది! చీర మార్చి తెచ్చినవా?" అన్నాడు. గుమస్తాలు కిసుక్కుమన్నారు.

"మరి సమ్మక్క తల్లి ఎలా ఉంటుందండీ?" అని అడిగాను, చెవులు మండిపోతుంటే.

"నాకేమెర్క? గద్దెల కాడ బొమ్మ గిట్ల ఏముండది. నువ్వు మేడారం ఎన్నడన్న పోయినవా?"

లేదన్నాను.

"పోకుంటనే గీసినవా! ఇయ్యాల పోయి సూసి రా. రాత్రికి మా ఇంట్లనే పండు, మా అమ్మ ఉంటది. ఫికర్ జెయ్యకు, రేపు మాట్లాడుకుందాం."

హన్మకొండ బస్టాండు నుంచి ములుగుకు గంటన్నర. టికెట్టు నాలుగైదు రూపాయలకు మించలేదు. ములుగులో జీపులు నిండితేనే కదిలేవి. నిండడమంటే ఆరుగురి చోట పన్నెండు మంది. డ్రైవర్ పేరు సారయ్య. నా పక్కన కూర్చున్నామె సమ్మక్క, వెనకాల వేలాడుతున్నాయన సమ్మయ్య. ఆ చుట్టుపక్కల తల్లికి మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు ఆ పేర్లే పెట్టుకుంటారు. తాడ్వాయి దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకుచెట్లు ముసిరాయి. జీపు గుంతల్లో ఎగిరినప్పుడల్లా నా డ్రాయింగు అట్ట ఎవరో ఒకరి మోకాలికి తగిలేది. అదేమిటని అడిగారు. చెప్పాను. తల్లి ఎలా ఉంటుందో మీరైనా చెప్పమని సారయ్యను బతిమాలాను.

ఆయన స్టీరింగు తిప్పి ఒక గుంత తప్పించాడు. "నాకు రెండుమార్లు కలలకొచ్చింది అక్కా. నిన్ను సూసినట్టే సూసిన. లేసినంక ముఖం యాదికుండది."

మధ్యాహ్నం రెండున్నరకు మేడారంలో దిగాను. జాతర లేని రోజులు, జనం లేరు. రెండు మట్టి గద్దెలు, వాటి మీద పాతిన కర్రలు, పసుపు కుంకుమలు, రవిక గుడ్డలు, ఎవరో పెట్టిపోయిన బెల్లం ముద్దలు, వాటికి పట్టిన చీమలు. అంతే. చుట్టూ రెండుసార్లు తిరిగాను. గీయడానికి ఒక్క కన్ను లేదు, ఒక్క చెయ్యి లేదు. ఇంతదూరం వచ్చింది ఇందుకా అని ఏడుపొచ్చినంత పనైంది. పక్కనే ఒక పాక హోటల్లో అన్నం, పప్పుచారు పెట్టారు. వడ్డించే పెద్దావిడ నా అట్ట వైపు చూసి, "ఏం గీస్తానవ్ బిడ్డా?" అంది. ఇక్కడ గీయడానికేముందమ్మా అన్నాను, కాస్త విసురుగానే.

"లేకేంది? ఎవలెవలు తెచ్చినయి ఆడనే ఉన్నయి గదా. బెల్లం, చీరెలు, కొబ్బరికాయలు. జర చారు పోసుకో, ఉత్త అన్నం తింటానవ్."

చారు పోసుకుని తిన్నాను. జీపు హారన్ కొట్టేలోగా ఆ బెల్లం ముద్దల్నే, చీమలతో సహా, ఒక కాగితం మీద గీసుకున్నాను. ఉత్త చేతులతో తిరిగి వెళ్లడం ఇష్టంలేక గీసిన బొమ్మ అది.

రాత్రి సేటు ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున వాళ్లమ్మ మల్లవ్వతో కలిసి దుకాణానికి వచ్చాను. ఆమె రోజూ కాసేపు గల్లా పక్కన కూర్చునేది. నేను వెనక బస్తాల మీద చతికిలబడి ఏం గీయాలో తోచక పెన్సిల్ చెక్కుకుంటున్నాను. అప్పుడే పర్వతగిరి వైపు నుంచి ఒక జంట వచ్చింది. ఎల్లయ్య, కొమురమ్మ. ఆమె చంకలో ఆరేడు నెలల పిల్ల. బిడ్డ పుడితే తన ఎత్తు బంగారం ఇస్తానని కొమురమ్మ మొక్కుకుందట. మేడారం మొక్కుల్లో బంగారమంటే బెల్లమే. మనిషిని కాంటాలో ఒక పలక మీద కూర్చోబెట్టి, రెండో పలక మీద బెల్లం పెట్టి సరితూస్తారు; అక్కడి మాటలో జోకుతారు. అక్కడే తగువు మొదలైంది.

"మొక్కినప్పుడు పిల్ల లేదు గదా సేటూ. ఆమెనొక్కదాన్నే జోకు," అన్నాడు ఎల్లయ్య.

"నా ఎత్తు అన్న. ఇప్పుడు నా ఎత్తంటే పిల్లతోటే," అంది కొమురమ్మ.

"బెల్లం ఎక్కువైతదని గాదే! మాటంటే మాట. ఎక్కువ పోస్తే, ఇంకో పిల్లకు మొక్కిన్రనుకుంటది తల్లి."

అందరం నవ్వాం. కొమురమ్మ నవ్వలేదు. పిల్లను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. సేటు తేల్చలేక తల్లి వైపు చూశాడు. మల్లవ్వ ఒక్కమాటతో తెగ్గొట్టింది: "కింద పెడితే ఏడుస్తది. ఒళ్లెనే ఉండనీ. జోకు."

కొమురమ్మ పిల్లతో పలక మీద కూర్చుంది. సేటు చెప్పులు విప్పి అవతలి పలక మీద ఒక్కో ముద్ద పెట్టసాగాడు. పలక కొంచెం లేచింది, మళ్లీ దిగింది. ఇంకో ముద్ద పెట్టాక ఆమె కాళ్లు నేల విడిచాయి. ఆమె ఎదుటి బెల్లం వైపే తల తిప్పి కదలకుండా ఉండిపోయింది. నేను ఆమె వెనక ఉన్నాను. జారిన కొప్పు, మెడ, భుజం మీదుగా పిల్ల పిడికిలి కనిపిస్తున్నాయి. ముందుకు వెళ్లి ముఖం చూద్దామనిపించింది కానీ వెళ్లలేదు. చూస్తే నా చెయ్యి దాన్ని కూడా లక్ష్మిని చేసేస్తుందని తెలుసు. కూర్చున్నచోటే గీయడం మొదలుపెట్టాను. మల్లవ్వ బెల్లానికి, తల్లికి, పిల్లకు బొట్లు పెట్టి వాళ్లను బస్సుకు పంపేసరికి రేఖలు పూర్తయ్యాయి. మధ్యాహ్నానికి రంగులు వేశాను. ఒక పలక మీద బెల్లం, ఒక పలక మీద వెనక్కి తిరిగిన తల్లీపిల్లా, అవతల అడవి. ముఖం లేదు.

"గిదేంది? తల్లేది?" అన్నాడు సేటు.

నిన్న అక్కడా, ఇవాళ ఇక్కడా నేను చూసింది ఇదేనని చెప్పాను.

"గిరాకోళ్లు ఏమంటరు? దేవునింట్ల ఎట్ల పెడుతరు దీన్ని?"

కిటికీ లేని గది కళ్లముందు కనిపించింది. ఇంతలో మల్లవ్వ కాగితం అందుకుని చేతిదూరంలో పెట్టి చూసింది. పక్కనున్న కుంకుమ భరిణెలో బొటనవేలు ముంచి, బొమ్మలోని బెల్లానికి బొట్టు పెట్టేసింది. రంగులింకా ఆరలేదు. కుంకుమ పాకింది. నేను అయ్యో అని లేచాను.

"అమ్మా, అది బొమ్మ!" అన్నాడు సేటు.

"అయితేంది? బంగారాన్ని బొట్టు లేకుంట పంపుతరా?"

సేటు తల్లిని చూశాడు, నన్ను చూశాడు, చివరికి నవ్వేశాడు. "ఇగ పోయి అచ్చుకు ఇయ్యి. అమ్మ పాస్ జేసింది."

ఆ మరక చెరిపేయమన్నాడు మా ఓనర్. సేటు ఒప్పుకున్న బొమ్మ ఇదేనని మొండికేసి, మరకతోనే అచ్చు వేయించాను. నా బల్ల నాకు మిగిలింది. కొన్నేళ్ల తర్వాత ములుగులో ఒకరింటికి భోజనానికి వెళ్తే గోడకు ఆ క్యాలెండర్ కనిపించింది. తేదీల కాగితాలన్నీ చింపేశారు, బొమ్మ ఒక్కటే ఉంది. అచ్చులో పడ్డ మల్లవ్వ బొట్టు మీద అసలు కుంకుమ మందంగా పేరుకుని ఉంది. అది నా బొమ్మేనని వాళ్లకు చెప్పలేదు. చెప్పాలనిపించలేదు. కొత్త ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయని ఇప్పటి పిల్లలు అడిగితే నాకు సేటు దుకాణంలో నేను కూర్చున్న ఆ బస్తాలే గుర్తొస్తాయి. తెలిసిన ముఖం గీయకుండా చెయ్యి ఆపుకోవడం నేను అక్కడే నేర్చుకున్నాను. ఇవాళ్టికీ ఏ బొమ్మలోనైనా ముఖం ఆఖరున వేస్తాను. కొన్నిసార్లు వేయనే వేయను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మేడారం దాకా ఇప్పుడు బస్సులున్నాయి, దారి కష్టం లేదు. కానీ మొక్కుంటే బెల్లం అక్కడి రద్దీలో కొనకండి. మీ ఊళ్లోనే తెలిసిన దుకాణంలో తీరిగ్గా తూయించుకుని పట్టుకెళ్లండి. చంటిపిల్ల ఉంటే మాత్రం, ఎవరేమన్నా సరే, కింద పెట్టకండి.