టేపుతో కొలిచిన మొదటి పేజీ

మా నాయనకు ఉర్దూ రాదు. అయినా రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా అమీర్‌పేటలో ఉర్దూ పేపరును ఆయనంత శ్రద్ధగా చూసినవాడు లేడు. చదవడు, కొలుస్తాడు. దర్జీ కదా, మెడలో టేపు ఎలాగూ ఉండేది.

పేపరు తెచ్చేది పక్కింటి భాయ్. పట్నంలో కచ్చేరీ పని చూసుకుని, సాయంత్రం సైకిలు దిగీ దిగగానే మా అరుగు మీద కూర్చుని చదివి వినిపించేవాడు. పాపం, ఆయనది ఒకటే గొంతు. ఎక్కడో బాంబులు పడ్డా, ఎవరింట్లోనో విందు జరిగినా అదే రాగం. అందుకని నాయన వినడం మానేసి అక్షరాల మీద పడ్డాడు. ఆ పేపరంతా కాతిబు అనే రాతగాడు ముందు చేత్తో రాస్తాడని, తర్వాతే అచ్చు వేస్తారని భాయే చెప్పాడు.

"చేత్తోని రాస్తడంటే, భయమైతే పెద్దగ రాస్తడు. నువ్వు దాస్తవ్ గని, చెయ్యి దాయది భాయ్" అని తేల్చేశాడు నాయన.

మొదటి రోజే కొలత తప్పింది. మనకు చివరి పేజీ అనిపించేదే ఉర్దూ పేపరుకు మొదటి పేజీ. అది తెలియక, మన లెక్కన మొదటి పేజీలో ఉన్న బలం మందు ప్రకటనను కొలిచి రాత్రంతా నిద్రపోలేదు మహానుభావుడు.

ఇదంతా నవ్వుకుని ఊరుకునేదాన్నే, మధ్యలో మా అక్క పెళ్ళి ఇరుక్కోకపోతే. సంబంధం పంజాగుట్టలో కుదిరింది. పిల్లవాడంటే అక్కకు ఇష్టం, ఆ మాట నాకొక్కదానికే చెప్పింది. కాని అక్షరాలు అంగుళం లోపలికి దిగితేగాని ముహూర్తం పెట్టనని నాయన పట్టు.

"లడాయి బర్మాల ఐతే పంజాగుట్టల పెండ్లికేమైతది నాయనా?" అని అడిగింది అక్క.

"పంజాగుట్ట సుత భూమ్మీదనే ఉన్నది బిడ్డా."

ముహూర్తాలు దాటిపోతూనే ఉన్నాయి. చివరికి ఈ మాఘంలో చెయ్యకపోతే వేరే పిల్లను చూసుకుంటామని మగపెళ్ళివారు కబురు పెట్టారు. అక్క అన్నం మానేసింది. నాకు ఆ కాతిబు మీద ఒళ్ళు మండిపోయింది. కాస్త సన్నపాటి కలం పట్టుకుంటే ఆయన సొమ్మేం పోయింది?

ఒక సాయంత్రం భాయ్ తెచ్చిన పేపరు ఎప్పటిదాంట్లో సగమే ఉంది. పెద్ద అక్షరాలన్నీ బక్కచిక్కిపోయాయి. నాయన టేపు పెట్టి, మళ్ళీ పెట్టి, లేచి నిలబడ్డాడు.

"అంగుళం సుత లేదు. లడాయి సల్లవడ్డది."

భాయ్ ఏదో చెప్పబోయాడు. గడప అవతల నుంచి అక్క ఆయన వంక చూసింది. భాయ్ పేపరు మడిచేశాడు.

"అవును ఉస్తాద్, జర చిన్నగనే ఉన్నయ్" అన్నాడు.

అందులో అబద్ధం లేదు మరి. కాగితానికి కరువొచ్చి అక్షరాలు కుదించారని ఆ తర్వాత మా అక్కచెల్లెళ్ళకు మాత్రం చెప్పాడు. మాఘంలో పెళ్ళయిపోయింది.

ఆ పైన చాలాకాలం అక్షరాలు చిన్నగానే ఉన్నాయి, నాయనా నిశ్చింతగానే ఉన్నాడు. ఒకనాడు మొదటి పేజీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే లావుపాటి వరుస. టేపు కూడా పెట్టలేదు. భాయ్ చెప్పేది వినకుండా, పేపరు చంకన పెట్టుకుని పంజాగుట్ట దారి పట్టాడు. వెనకాల నేను. బిడ్డను ఇంటికి తెచ్చుకోవాలని దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

బావ పేపరు చదివి నవ్వాడు. "లడాయి అయిపోయింది మామా."

"అయిపోయినందుకు ఇంత పెద్దగనా?"

"సంతోషం సుత పెద్దగనే రాస్తరు."

"మరి మీ పెండ్లప్పుడు గంత చిన్నగెందుకుండె?"

అక్క తల వంచుకుంది. "అప్పుడు కాయితం దొర్కకుండె నాయనా. లడాయి మస్తుగనే ఉండె."

నాయన టేపును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. కోపం వస్తుందని భయపడ్డాను. రాలేదు.

"కాయితం దొరికుంటే, నువ్వింకా నా ఇంట్లనే ఉంటుంటివి బిడ్డా" అన్నాడు.

నవ్వబోయిన అక్క, బావ చూస్తుండగానే ఏడ్చేసింది.