మిరప కల్లాలకు వాన కబురు

గుండ్లకమ్మ ఒడ్డున మా ఊళ్ళో, డాబా మీద వాన కొలిచే గొట్టం, గాలి దిక్కు చూపే రేకు, గాలి ఒత్తిడి చెప్పే మీటరు పెట్టుకుని ఏళ్ళ తరబడి వాతావరణం చెబుతున్నాను. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాకిదో పిచ్చి. కల్లాల్లో మిరపకాయ ఎండే రోజుల్లో తెల్లవారి ప్రార్థన కాగానే పాస్టరుగారు చర్చి మైకులో నా మాట చదివేవారు. వానంటే జనం టార్పాలిన్ పట్టలు కప్పేవాళ్ళు, లేదంటే కాయ ఆరబోసేవాళ్ళు. అంత నమ్మకం నేనంటే!

నా సొంత తమ్ముడు మిర్చి కొని గుంటూరు తోలే వ్యాపారి. ఓ సాయంత్రం ఫోన్ చేసి, "అక్కా, రేపు వానుందా?" అన్నాడు.

"సముద్రం వైపు, వాడరేవు మీద మబ్బులున్నాయిగానీ మన దాకా రావురా" అన్నాను. తమ్ముడు కదా అని చెప్పాను, ఖర్మ!

వాడు తిన్నగా కల్లాలకెళ్ళి, "రేపు కుండపోతంట, మా అక్కే చెప్పింది. వచ్చిన రేటుకిచ్చేయండి" అన్నాడట. పొద్దున మైకు దాకా ఆగకుండా, భయపడి చాలామంది ఆ రాత్రే కారుచౌకగా ఇచ్చేశారు. మర్నాడు ఎండ ఫెళ్ళున కాసింది.

పక్కింటావిడ మా గుమ్మంలోకొచ్చి అరిచింది. "అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కుని మా నోట్లో మట్టి కొట్టారు గదమ్మా!" నాకేమీ తెలియదని ఒట్టేసినా వినలేదు.

తమ్ముణ్ణి నిలదీశాను. "వ్యాపారంలో ఇవన్నీ మామూలేగా అక్కా, నీదేం పోయింది?" అని టీ తాగి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు నా చంక దిగకుండా తిరిగినవాడు వాడు.

ఆ వారంలోనే మీటర్లో ఒత్తిడి పడిపోతూ వచ్చింది. ఈసారి వాన ఖాయం. మైకులో చెప్పించాను. ఎవరూ పట్ట ముట్టుకోలేదు. కాయ అమ్మనివాళ్ళవీ, రెండో కోత ఆరబోసినవాళ్ళవీ కల్లాలన్నీ తిరిగి బతిమాలాను. "ఈసారి కూడా మీ తమ్ముడి కోసమేనా టీచరుగారూ?" అని నవ్వారు.

మధ్యాహ్నానికి కుంభవృష్టి. ఆడవాళ్ళు కొంగులు దోపుకుని పరిగెత్తారుగానీ అప్పటికే కాయంతా నీళ్ళలో తేలుతోంది. పక్కింటావిడ బురదలో కూలబడి ఏడ్చింది. నేను దగ్గరికెళితే మొహం తిప్పుకుంది.

ఊరి చివర ఒక్క కల్లం మాత్రం చెక్కుచెదరలేదు. పొద్దున్నే మైకు విని, తను కొని పోయించిన కాయ మీద పట్టలు కప్పించి, అంచులకు రాళ్ళు పెట్టించుకున్నాడు మా తమ్ముడు. ఆ రోజు ఊరు మొత్తంలో నా మాట నమ్మినవాడు వాడొక్కడే.