నేల లోపలి గోడ

మా వీధి చివర, దువ్వాడ స్టేషన్‌కి వెళ్లే దారిలో, అపార్ట్‌మెంట్ పునాదికి గొయ్యి తవ్వుతున్నారు. నిన్న వాన పడింది. తడి ఎర్రమట్టి వాసన తగలగానే చేతిసంచీ కింద పెట్టి గోతి అంచున నిలబడిపోయాను. "మామ్మా, పడిపోతావ్, పక్కకి జరుగు!" అని యంత్రం నడిపేవాడు కేకేశాడు. పడిపోను. గోతి అంచున ఎలా నిలబడాలో నాకు ఇందుమతి గారు నేర్పారు.

ఆవిడ మట్టి పరీక్షల ఆఫీసులో పెద్ద. కృష్ణా జిల్లా మనిషి. డెబ్బైల చివర్లో, ఉక్కు ఫ్యాక్టరీకి మా పొలాలు పోయాక, నేను అక్కడ పనికి కుదిరాను. వచ్చిన మట్టిని నీడన ఆరబెట్టడం, చెక్కసుత్తితో గడ్డలు చిదపడం, జల్లించడం. అప్పటికి ముప్పై దాటాయి, ఒక్క అక్షరం రాదు. మట్టి గురించి మాత్రం అన్నీ తెలుసనుకునేదాన్ని. నల్లనిది మంచిది, ఎర్రనిది చెడ్డది. అంతే నా శాస్త్రం.

అక్కడి బీరువాలో గాజుసీసాల నిండా దేశమంతటి మట్టీ ఉండేది. ఒకరోజు సీసాలు తుడుస్తుంటే ఆవిడ పక్కన నిలబడి చెప్పుకుంటూ పోయారు. "ఇది గంగ మేట వేసిన ఒండ్రు, గోధుమకి. ఇది దక్కన్ రేగడి, పత్తికి. ఈ ఇటుకరంగుది కేరళది. వానలకి సారమంతా కొట్టుకుపోయినా జీడిమామిడిని సాకుతుంది. ఇది రాజస్థాన్ ఇసుక, ఇందులోనూ సజ్జ పండిస్తారు."

"ఇసకలోనా? ఎవలికి సెప్తారమ్మగారూ!" అన్నాను.

ఆవిడ నవ్వి, చిటికెడు రేగడిమట్టి మీద యాసిడ్ చుక్క వేశారు. మట్టి చిమచిమమని నురగెత్తింది. వెనక్కి గెంతాను. "ఓలమ్మో, పేనముందేటి దీనికి!"

"సున్నం ఉంది. ప్రాణం సంగతి నువ్వే చెప్పాలి సన్యాసమ్మా."

ఆ సీసాల చీటీల మీదే ఆవిడ నాకు అక్షరాలు దిద్దించారు. లోకానికి మొదటిది 'అ'. నాకు నల్లరేగడి 'న'.

మా ఆయన రాముణ్ణాయుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూలీకి వెళ్లనని మొండికేశాడు. "నాను రైతుని. సచ్చినా రైతునే." ఆయన బావకి రెండు పొలం చెక్కలున్నాయి. ఉప్పుటేరు పక్కన నల్లటి పల్లం ఒకటి, కొండవాలున ఎర్రటి రాళ్లనేల ఒకటి. ఏదైనా దున్నుకోమన్నాడు. ఈయన మనసంతా నల్లదాని మీదే, వరి వేస్తాడట. మా దగ్గర మిగిలింది ఒక జత ఎడ్లు, ఒక పంటకి సరిపడా విత్తనం. ఆ పంట పోతే గేటే గతి.

పరీక్షకి ఆ పల్లం మట్టి తెమ్మంటే తెచ్చాడు. ఇందుమతి గారు వాసన చూసి, "నాయుడు గారూ, ఇది పెంటకుప్ప కిందది కదూ?" అన్నారు.

"మంచి సోటుదే తెచ్చినానండి. పెళ్లిసూపులికి పిల్లని ముస్తాబు సెయ్యరేటి?"

ఆఫీసంతా గొల్లుమంది. మా రైతులందరూ చేసే పనే అది. నేలని నలుగురిలో చిన్నబుచ్చడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "అయితే చూపులకి నేనే వస్తాను" అన్నారు.

ఆదివారం అన్నట్టే వచ్చారు. పల్లంలో నేనూ మా ఆయనా మొలలోతు గొయ్యి తవ్వాం. పైన జానెడు నలుపు. దాని కింద బూడిదరంగు జిగట, అందులో తెల్లటి చారలు. గడ్డివేళ్లు ఆ గీత దాకా వచ్చి, గోడ తగిలినట్టు ఆగిపోయాయి. ఆవిడ చిన్న పెళ్ల తీసి నాలిక మీద పెట్టుకోమన్నారు. మా ఆయన పెట్టుకుని ఉమ్మేశాడు. "సముద్రం!"

"సముద్రమే. ఆ ఉప్పు వానల్లో అణిగి ఉంటుంది, వానలు ఆగి ఎండ కాయగానే పైకొస్తుంది. మీ వరి అప్పటికి పొట్ట మీదుంటుంది."

ఆయన ముఖం చూడలేకపోయాను. పార భుజాన వేసుకుని కొండవాలుకి నడిచాడు. అక్కడ గొయ్యి తవ్వడానికి గునపం కావాల్సి వచ్చింది. పైన ఎరుపు, తర్వాత గులకరాళ్లు, వాటి కింద ముదురెరుపు, పసుపు, అట్టడుగున కొండరాయి. చూడ్డానికి రాయే, చేత్తో నొక్కితే రవ్వలా రాలిపోయింది. గట్టు మీది పొద ఒకటి మోకాలెత్తు కూడా లేదు గానీ దాని వేరు ఆ రాతిలోకి దిగిపోయింది.

"రాయి మట్టి అవుతోంది" అన్నారు ఇందుమతి గారు, గుడిలో మాట్లాడినట్టు గొంతు తగ్గించి. "మన తాతల కంటే ముందు మొదలైంది. ఇంకా అవుతూనే ఉంది. దీన్ని వరి అడక్కండి నాయుడు గారూ. మీ చోడి, అదే రాగి, అడగండి. జీడి అడగండి."

మా ఆయన గోతిలోనే ఉండిపోయాడు. ఆ మట్టిగోడ మీద అరచెయ్యి ఆనించి, "ఏటే, నానింతకాలం దున్నింది పైపొట్టేనా?" అన్నాడు.

ఎర్రచెక్క తీసుకున్నామని తెలిసి బావ వేళాకోళం ఆడాడు. "నల్లది వొగ్గేసి రాళ్లేరుకున్నావేటి బావా?"

"రాళ్లు కావు బావా. ఇంకా మట్టవ్వలేదంతే" అన్నాడు ఈయన.

మొదట చోడి, ఉలవలు తిన్నాం. తర్వాత జీడి కాపుకొచ్చింది. మా ఆయన పోయేవరకూ గేటు ముఖం చూడలేదు. ఇందుమతి గారు బదిలీ అయి వెళ్లిపోయారు, మళ్లీ కలవలేదు. ఆ గొయ్యి చూసినప్పట్నుంచి నేల మీద మామూలుగా నడవడం నాకు చేతకాలేదు. కింద ఎక్కడో ఓ రాయి చప్పుడు లేకుండా మట్టి అవుతోందని తెలుసు. అందుకే కాలు కాస్త మెల్లగా మోపుతాను.